పలచబడ్డ రక్తం

మా బావ కాలి పుండును ముందు కనిపెట్టింది చీమలు.

బావ అంటే మా ఆయనే. మేనత్త కొడుకునే చేసుకున్నాను గనక పెళ్లయి ముప్పై ఏళ్లు దాటినా ఆ పిలుపు మారలేదు. ఆయనకు చిత్తూరులో బెల్లం మండీ ఉంది. చుట్టుపక్కల రైతులు చెరుకు ఆడించి, బెల్లం వండి తెస్తారు. బావ ఆ దిమ్మల్ని గోటితో గీరి, వాసన చూసి, చిన్న పలుకు నాలుక మీద వేసుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాడు. కళ్లు తెరిచేసరికి ఆ బెల్లం జాతకమంతా చెప్పేస్తాడు. నీళ్లు ఉప్పువా, పాకం ముదిరిందా, రంగు కోసం ఏదన్నా కలిపారా, అన్నీ ఆ నాలుకకు తెలుసు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కూడా ఆ మాటను కాదనరు. అలాంటి నాలుక ఉన్న మనిషికి షుగరు వచ్చింది. రాక చస్తుందా!

"మింగినావా బావా?" అని సాయంత్రం ఇంటికి రాగానే అడిగేదాన్ని.

"లేదు మే. నాలిక మింద పెట్టి సూసి ఉమ్మేసినా" అనేవాడు నిమ్మకు నీరెత్తినట్టు.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయిన దాన్ని. రోజంతా ఉమ్మేసే మనిషికి రక్తంలో అంత షుగరు ఎందుకుంటుందో నాకు తెలీదా? గట్టిగా నిలదీస్తే ఇంకో పాట ఎత్తుకునేవాడు. "బెల్లమూ సక్కెరా ఒకటేనా? బెల్లంలో ఇనుముండాది. రక్తం పడతాది." నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. గోడకు చెప్పినా కొంచెం సున్నమన్నా రాలేది.

ఒక చలికాలం ఆయన పూతలపట్టు పక్కన ఒక రైతు తోటకు వెళ్లాడు. అక్కడ పెనంలో పాకం ఉడుకుతోంది. పొయ్యి దగ్గరికి చెప్పులేసుకుని పోవడం మా పక్క తప్పు. పూజ చేసి వెలిగించిన పొయ్యి కదా. చెప్పులు చెరుకు పిప్పి దగ్గర విడిచి, ఒట్టి కాళ్లతో వెళ్లి, గరిటెతో పాకం ఎత్తి చూశాడు. అప్పుడెప్పుడో ఒక చుక్క కుడి పాదం మీద పడింది. పడిన సంగతి ఆయనకు తెలీదు. ఇంటికొచ్చి, సంగటి తిని, పడుకున్నాడు.

పొద్దున్నే నేను లేపడానికి వెళ్తే మంచం కోడు మీదుగా చీమల బారు. అది ఆయన పాదం దాకా పోయి అక్కడ ముద్దకట్టి ఉంది.

"బావా! చీమలు!"

లేచి కూర్చుని చూసుకున్నాడు. చిటికెన వేలి పక్కన పాకం గట్టిపడి అతుక్కుని ఉంది. దాని చుట్టూ చర్మం బొబ్బలెక్కింది.

"యాడ పడిందబ్బా ఇది?" అన్నాడు, ఎవరి కాలో చూసినట్టు.

ఉడుకుతున్న పాకం పడినా తెలీలేదు, రాత్రంతా చీమలు కుట్టినా తెలీలేదు. ఆ కాలు మంచం మీద ఉంది గానీ ఆయనకు దాని కబురే అందడం లేదు.

ఇక అక్కడి నుంచి మామూలు కథే. పసుపు పెట్టాడు, ఆకు పసరు పెట్టాడు, మండీకి పోవడం మాత్రం మానలేదు. పుండు నల్లబడ్డాక చిత్తూరు డాక్టరు చూసి, ఇక్కడ కాదు, తిరుపతికి తీసుకుపొమ్మన్నాడు. తిరుపతిలో పెద్ద డాక్టరు చిటికెన వేలు తీసేశాడు. వేలు పోతే పోయింది, కాలు నిలిచింది అనుకున్నాం. అదీ కాలేదు. కోసిన చోట కండ రాలేదు.

ఆ రోజు పెద్ద డాక్టరు ఏదీ దాచలేదు. "పెద్ద నాళాల్లో రక్తం బాగానే పోతోందమ్మా. సన్న నాళాల్లోనే పోవడం లేదు. ఇది ఇట్లే పైకి పాకితే చీలమండ పైన తీసేయాల్సి వస్తుంది."

బావ కాసేపు తన కాలినే చూసుకున్నాడు. "మండీలో పొద్దంతా నిలబడే పని సామీ నాది" అన్నాడు మెల్లగా. ఆ గొంతు వినగానే నా ప్రాణం ఉసూరుమంది. ముప్పై ఏళ్లుగా ఆయన మీద కోప్పడ్డాను. భయపడింది మాత్రం ఆ రోజే.

ఇంకో దారి చూద్దామన్నాడు డాక్టరు. ఒత్తిడి పెంచిన గదిలో పడుకోబెట్టి ప్రాణవాయువు పీల్పించే వైద్యం. రోజూ గంటన్నర, కొన్ని వారాలు. దాంతోపాటు కట్లు, మందులు, ఇన్సులిన్. "పని చేస్తుందని హామీ ఇవ్వలేను. షుగరు అదుపులో లేకపోతే మాత్రం ఏదీ పని చేయదు. ఆ మాట మీకు ఇప్పుడే చెప్తున్నాను" అన్నాడు.

తిరుపతిలో మా వదిన ఉంది. బావకు అక్క. తల్లి పోయాక చిన్నప్పటి నుంచి ఆయన్ని పెంచిందీ ఆమే. భర్త పోయి ఒంటరిగా ఉంటోంది. మేం సంచులు సర్దుకుని ఆమె ఇంట్లో దిగాం. "నా తమ్ముడి కాలు నేను నిలబెడతా సూడు" అంది గడపలోనే. ఆ మాట మీద ఆమె ఎంతలా నిలబడిందో తర్వాత తెలిసింది.

గది అన్నారు గానీ అది ఒక పెద్ద గాజు గొట్టం. మనిషిని పడుకోబెట్టి లోపలికి తోసి తలుపు బిగిస్తారు. బయటి నుంచి మనకు కనిపిస్తాడు, మైకులో మాట్లాడొచ్చు. లోపలికి వెళ్లే ముందు అన్నీ వెతుకుతారు. ప్రాణవాయువు నిండిన చోట చిన్న రవ్వ పుట్టినా ప్రమాదమని నూనె, పౌడరు, ఫోను, నైలాను గుడ్డ ఏదీ ఉండనివ్వరు. ఒట్టి నూలు బట్టలే.

"తలకు నూనె పెట్టినారా అయ్యా?" అని రోజూ అడిగేది అక్కడి సిస్టరు.

"పెట్టేదానికి ఎంటికలుంటే గదమ్మా" అనేవాడు బావ బట్టతల తడుముకుంటూ. ఆ అమ్మాయి రోజూ నవ్వేది. నాకే ఆ జోకు మూడో రోజుకు విసుగొచ్చింది.

ఒత్తిడి పెరిగేటప్పుడు చెవులు బిగుసుకుంటాయట. "అప్పుడు ఉమ్మి మింగుతా ఉండండి అయ్యా. మింగితే చెవులు వదులవుతాయి" అని చెప్పిందామె. ఈ మాట గుర్తుపెట్టుకోండి. బావ కూడా బాగా గుర్తుపెట్టుకున్నాడు.

అక్కడ ఒక చిన్న డాక్టరు ఉండేవాడు. షుగరు ఉన్నవాళ్ల రక్తం ఈ వైద్యంతో ఎలా మారుతుందో చూడడం అతని చదువులో భాగం. మమ్మల్ని అడిగి, మొదలుపెట్టే ముందు కొంచెం రక్తం తీసుకున్నాడు. వారాలు గడిచాక మళ్లీ తీస్తానన్నాడు. ఎందుకని నేను అడిగితే ఓపిగ్గా చెప్పాడు.

"షుగరు చాలాకాలం ఎక్కువగా ఉంటే ఎర్రకణాలు బిరుసెక్కుతాయమ్మా. మామూలుగా అయితే అవి ఒంగి, మడతపడి, తమకంటే సన్నటి నాళంలోకి కూడా దూరిపోతాయి. బిరుసెక్కినవి ఒంగవు. ఒకదానికొకటి అతుక్కుంటాయి కూడా. రక్తం చిక్కబడిపోతుంది. పుండు అంచు దాకా వచ్చి లోపలికి పోలేదు."

"మరి ఈ గొట్టం ఏం చేస్తుంది?"

"ఒత్తిడి పెంచితే ప్రాణవాయువు రక్తంలోని నీటిలో కూడా బాగా కరుగుతుంది. కణం దూరలేని చోటికీ ఆ నీరు చేరుతుంది. ఇలా కొన్నాళ్లు చేస్తే కొందరిలో కణాలు మెత్తబడి, చిక్కదనం కూడా తగ్గుతుందంటారు. అందరిలోనూ కాదు. మోతాదు మించితే ప్రాణవాయువే చెడు చేస్తుంది కూడా. అందుకే కొలిచి ఇస్తాం."

బావ అంతా విన్నాడు. "అంటే పాకం ముదిరినట్టు గదా సామీ. లేతపాకమైతే జల్లెట్లో సర్రున దిగతాది. ముదిరితే యాడిదాడే నిలబడి పోతాది."

"సరిగ్గా అంతేనయ్యా" అన్నాడు చిన్న డాక్టరు. బావ నా వైపు చూసిన చూపు ఉందే, స్కూల్లో ఫస్టు మార్కు వచ్చిన పిల్లాడు కూడా అలా చూడడు. నేను ఏళ్ల తరబడి పిల్లల చేత ఎర్రకణాల బొమ్మలు వేయించాను. అవి ఒంగుతాయని ఏ పిల్లకూ చెప్పిన గుర్తు లేదు. పుస్తకంలో గుండ్రంగా ఉండేవి, మేమూ గుండ్రంగానే వేసేవాళ్లం.

మొదటి వారాలు బాగానే నడిచాయి. వేలికి సూది గుచ్చి చూస్తే షుగరు దిగుతోంది. పుండు అంచున కొంచెం ఎరుపు కనిపించింది. నాకు ఎంత ధైర్యం వచ్చిందంటే, ఇల్లు ఎలా ఉందో చూసొస్తానని చిత్తూరు బస్సెక్కాను. బావతో ఆస్పత్రికి వదిన వెళ్లింది. రెండు రోజుల్లో తిరిగొచ్చి ఏం జరిగిందని అడిగితే, "రక్తం తీసినారు, పంపించేసినారు" అంది వదిన. ముఖం ముడుచుకుని ఉంది. అలిసిపోయిందేమో అనుకున్నాను.

ఆ తర్వాత షుగరు ఎక్కడం మొదలుపెట్టింది. ఇన్సులిన్ పెంచారు. అయినా ఎక్కింది. నేను వండే అన్నం చారెడు, కూర ఇంత. ఎక్కడి నుంచి వస్తోందో అర్థం కాలేదు. సీసా మంచిది కాదేమో అనుకున్నాను, ఫ్రిజ్‌ను అనుమానించాను, చివరికి ఆ గొట్టాన్నే అనుమానించాను. పుండు మళ్లీ చెమ్మగిల్లింది. కట్టు విప్పితే వాసన.

పెద్ద డాక్టరు పుండు చూసి మళ్లీ కట్టు వేయించాడు. "ఇంకో వారం చూస్తానమ్మా. ఇట్లే ఉంటే ఆపరేషనుకు రోజు చూసుకుందాం."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. బావ తన కుడి చెప్పును చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సిగ్గు కూడా అనిపించలేదు.

మర్నాడు గొట్టం దగ్గర ఎప్పటిలాగే వెతుకుతున్నారు. సిస్టరు పంచె కట్టు దగ్గర చెయ్యి ఆపింది.

"రొంటిలో ఏముండాదయ్యా?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకుంటే ఇంత ఎత్తుగా యాలుండాది?"

తీసి చూపించక తప్పలేదు. అరిటాకు ముక్కలో చుట్టిన నల్లబెల్లం. నిమ్మకాయంత.

సిస్టరు నోరు తెరుచుకుని చూసింది. బావ నన్ను చూడకుండా ఆమెకే చెప్పుకున్నాడు. "మింగతా ఉండమన్నావు గదమ్మా. ఒట్టి నోట్లో ఏం మింగేది? ఇది పెట్టుకుంటే నోరూరతాది, సెవులు బిగవవు."

ఆ అమ్మాయి ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. "కాలు తీసేస్తామంటుంటే రొంటిలో బెల్లమా! ఎవరిచ్చారు నీకు?"

"అక్క" అన్నాడు.

ఆ రోజు షుగరు మరీ ఎక్కువగా ఉందని గొట్టంలోకి పంపనే లేదు. ఆటోలో ఇంటికొచ్చేదాకా నేను నోరు మూయలేదు. బావ నోరు తెరవలేదు.

వదిన వంటింట్లో ఉంది. బెల్లం పొట్లం ఆమె ముందు పెట్టి, "ఇదేంటొదినా? నీ తమ్ముడి కాలు నిలబెడతానంటివే, ఇట్లేనా నిలబెట్టేది?" అన్నాను.

ఆమె తగ్గలేదు. తగ్గే మనిషి కాదు. "అవును, నేనే పెట్టినా. దినామూ పెడతా ఉండా. నువ్వు లేని పొద్దు, తమ్ముడు గొట్టంలో ఉండంగా, ఆ డాక్టరు పిల్లోడు ఏం సెప్పినాడో నీకు తెలుసునా? రక్తం పలచబడిందన్నాడు. నా సెవుల్తో నేను విన్నా. నవ్వతా సెప్పినాడు పాపాత్ముడు! ఆ పొద్దే లోపలికి పంపే ముందు షుగరు తగ్గిందని వాళ్లే వాడికి తీపి నీళ్లు తాపినారు. నువ్వు సూస్తే వాడికి చారెడు మెతుకులు పెడతా ఉండావు. నా తమ్ముడి రక్తం నీళ్లయి పోతా ఉంటే సూస్తా కూసోమంటావా?"

మా పక్క రక్తం పలచబడిందంటే ఇంకేముంది, మనిషి తెల్లగా పాలిపోయాడని, ఇక ఎక్కువ రోజులు లేడని. బాలింతకు రక్తం పట్టాలని నల్లబెల్లం, నువ్వులు కలిపి ఉండలు చేసి పెడతారు. వదిన కూడా నాకు రెండు కాన్పుల్లోనూ పెట్టింది. ఇప్పుడు తమ్ముడికీ పెట్టింది. ఆ చిన్న డాక్టరు తెచ్చిన మంచి కబురు ఈమె చెవిలో పడి చావు కబురైంది.

బావే చెప్పాడు, పీట మీద కూర్చుంటూ.

"అక్కా, నా రక్తం ముదురు పాకమై కూసోనుండాది. కాలికి దిగేది లేదు. దాన్ని లేతపాకం సెయ్యాలని ఆడ ఇన్ని తిప్పలు పడతా ఉండారు. పలచబడిందంటే నాకు మంచిది. సావు కాదు."

వదిన ఆయన ముఖం చూసింది, నా ముఖం చూసింది. "మంచిదా?" అంది.

"మంచిదే వదినా."

"మరి ఇన్ని దినాలు నేను పెట్టింది?"

ఆమె గోడకు చేరగిలబడి కూర్చుంది. "నా సేతుల్తోనే... నా సేతుల్తోనే నా బిడ్డ కాలు..." అంటూ ఆ చేతులతోనే నెత్తి కొట్టుకుంది. నేను పోయి పట్టుకున్నాను. అంతసేపు కోపంతో ఊగిన దాన్ని, ఆమె చేతులు పట్టుకున్నాక నాకూ ఏడుపు ఆగలేదు.

కాసేపయ్యాక బావ వైపు తిరిగాను. "ఆమెకు తెలీదు సరే. పాకం ముదురు, లేత అని డాక్టరుకే పాఠం చెప్పిన వాడివి, నీకు తెలీదా? నువ్వెందుకు తిన్నావు?"

"అక్క పెట్టింది" అన్నాడు ముందు. తర్వాత తల దించుకున్నాడు. "అక్క మింద ఎందుకు ఏసేది. నాలిక అడిగింది మే. ముప్పై ఏండ్లుగా మండీలో ఒక్క పొద్దు గూడా ఉమ్మేసింది లేదు."

ఆ సంగతి నాకు ఎప్పటి నుంచో తెలుసు. ఆయన నోట వినడం మాత్రం అదే మొదలు. తిట్టడానికి నాకేమీ మిగల్లేదు.

ఆ సాయంత్రం వదిన ఇంట్లో ఉన్న బెల్లం, చక్కెర, ఖర్జూరాలు మూటగట్టి ఎదురింటికి ఇచ్చేసింది. కాఫీలో తనూ చక్కెర మానేసింది. మొదటి గుక్క తాగి ముఖం చేదుగా పెట్టి, "థూ, ఇది కాఫీనా, కషాయమా" అని మళ్లీ తాగింది. బావ మీద కాపలా ఎలా కాసిందంటే, ఆయన గుడికి పోతే ప్రసాదం కూడా ముందు ఈమె చేతిలోనే పడాలి. ఆస్పత్రిలో సిస్టరు కంటే ముందు తనే రొంటి తడిమేది. "ఈమెను మా దగ్గరే ఉద్యోగంలో పెట్టుకుంటాం" అనేది సిస్టరు.

వారం తర్వాత పెద్ద డాక్టరు కట్టు విప్పుతుంటే మేం ముగ్గురం ఒంగి చూశాం. షుగరు దిగింది. పుండు ఆరింది. ఒక మూల గులాబీ రంగులో కొంచెం కండ. గోరంత ఉందేమో. ఆయన అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఇప్పటికి ఆపరేషను మాట వద్దు. గొట్టం కొనసాగిద్దాం" అన్నాడు.

వదిన ఆ వరండాలోనే కొండ వైపు తిరిగి దండం పెట్టింది. తర్వాత చిన్న డాక్టరును వెతుక్కుంటూ పోయి, "పాపాత్ముడా అనుకున్నా నాయనా నిన్ను, మనసులో పెట్టుకోబాక" అంది. అతనికి తల్లా తోకా తెలీలేదు. నేను విషయం చెప్పాక తల పట్టుకున్నాడు. ఇకపై ఎవరికీ పలచబడింది అని చెప్పనమ్మా, రక్తం బాగా పారుతోంది అని చెప్తాను అన్నాడు. ఈ గొట్టమొక్కటే కాలు నిలిపిందని మాత్రం అనలేనని కూడా చెప్పాడు. మందులు, కట్లు, ఇన్సులిన్, అన్నీ కలిసి చేశాయట. అందులో తన పేరు లేదని వదినకు కొంచెం కష్టంగానే ఉంది.

కాలు నిలిచింది. పుండు పూర్తిగా మానడానికి నెలలు పట్టింది. నాలుగు వేళ్ల పాదం, దానికి ప్రత్యేకంగా కుట్టించిన మెత్తటి బూటు. స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. రోజూ పడుకునే ముందు ఆ పాదాన్ని దీపం కింద పెట్టుకుని అంగుళం అంగుళం చూస్తాను. చీమల కంటే ముందు నేను చూడాలి.

కొత్త బెల్లం దిగే కాలానికి బావ మళ్లీ మండీకి పోతానన్నాడు. మొదటి రోజు తోడు వెళ్లాను. ఆయన్ని చూసి జనం మూగారు. ఒక రైతు దిమ్మ పగలగొట్టి పలుకు తీసి, ఎప్పటిలాగే ఆయన అరచేతిలో పెట్టాడు.

"సూడన్నా. ఈ తూరి పాకం నేనే దగ్గరుండి దించినా."

బావ గోటితో గీరాడు. వాసన చూశాడు. చెయ్యి దానంతట అదే నోటి దాకా పోయింది. పెదాల దగ్గర ఆగింది. చుట్టూ అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు. ఆ చెయ్యి కిందికి దిగడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊరంతా నమ్మిన నాలుక అది. కాలు దక్కినందుకు ఆయన ఇచ్చుకున్నది ఆ నాలుకనే.

తర్వాత నా వైపు తిరిగి పలుకు నా చేతిలో పెట్టాడు.

"నువ్వు సూసి సెప్పు మే."

నాలుక మీద వేసుకున్నాను. కొత్త బెల్లం. కరగడం మొదలుపెట్టింది. ఆయన నా గొంతు వైపే చూస్తున్నాడు.

"మింగబాక" అన్నాడు. "నీ కాళ్లు నాకు కావాల మే. ఉమ్మేయ్."

కాలవ దగ్గరికి పోయి ఉమ్మేశాను. ఆ మండీలో బెల్లం రుచి చూసి నిజంగా ఉమ్మేసిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను.